షివల్రీ 2లో కొత్తగా దిగారా? ముందు చావడం తగ్గించుకోండి

షివల్రీ 2 అనే మధ్యయుగాల కత్తియుద్ధపు వీడియో గేమ్‌లో మొదటి మ్యాచ్ అయ్యాక స్కోరు పట్టిక చూసుకుంటే నా పేరు ఎదురుగా మూడు కిల్స్, ముప్పై ఒక్క చావులు. ఆ మూడింట్లో ఒకడు నేను వెళ్లేసరికే కిందపడి పాకుతున్నాడు. రెండోవాడు ఎలా పోయాడో నాకిప్పటికీ తెలీదు, నేను కళ్లు మూసుకుని గొడ్డలి ఊపుతుంటే మధ్యలోకి వచ్చాడు. మూడోది నిజమైన కిల్లే, కాకపోతే దానికంటే ముందు మా జట్టు వాళ్లనే ఇద్దర్ని నరికాను. చాట్‌లో ఎవరో ఏదో అన్నారు, ఏ భాషో తెలియలేదు కానీ తిట్టని మాత్రం బాగా అర్థమైంది.

ఆ రోజు నా పక్కన కూర్చుని ఎవరైనా నాలుగు మాటలు చెప్పుంటే ఆ ముప్పై ఒకటి కనీసం సగానికి దిగేది. ఆ నాలుగు మాటలే ఇక్కడ రాస్తున్నా. కిల్స్ ఎలా పెంచుకోవాలో చెప్పడానికి వీడియోలు బోలెడున్నాయి, ఇది మాత్రం బతకడం గురించే.

ఆట గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో: షివల్రీ 2 టొరంటోకి చెందిన టోర్న్ బ్యానర్ స్టూడియోస్ చేసిన ఆట, 2021 జూన్‌లో వచ్చింది, ఏడాది తర్వాత స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలోకి కూడా వచ్చింది. ఒక్కో మ్యాచ్‌లో 64 మంది దాకా ఉంటారు. నీలం బట్టల్లో అగాథా నైట్స్ ఒకవైపు, ఎర్ర బట్టల్లో మేసన్ ఆర్డర్ ఒకవైపు, తర్వాత టెనోసియా అని మూడో వర్గం కూడా చేరింది. కత్తులు, గొడ్డళ్లు, బల్లేలు, సుత్తులు, విల్లులు. చేయి తెగినా రెండో చేత్తో కొట్టుకోవచ్చు, కింద దొరికిన తలకాయ తీసి ఎదుటివాడి మీద విసరొచ్చు. అంత సీరియస్ ఆట కాదు, కానీ కొట్లాట పద్ధతి మాత్రం చాలా లెక్కగా ఉంటుంది.

పబ్జీ, ఫ్రీ ఫైర్, వాలొరెంట్ లాంటివి ఆడి వచ్చినవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది, శత్రువు కనపడగానే వేలు దానంతటదే క్లిక్కు మీదకి పోతుంది. అక్కడ ముందు కాల్చినవాడు గెలుస్తాడు. ఇక్కడ ముందు కత్తి ఊపినవాడు చాలాసార్లు ముందు పోతాడు. ఎందుకంటే ప్రతి దెబ్బకీ మూడు దశలుంటాయి: ఆయుధం వెనక్కి లాగడం, విసరడం, విసిరాక మళ్లీ మీ అదుపులోకి రావడం. దెబ్బ గాల్లో పోయిందంటే ఆ మూడో దశలో కాసేపు మీ చేతులు కట్టేసినట్టే, పైగా స్టామినా (దమ్ము) కూడా కొంత పోతుంది. ఆట తెలిసినవాడు ఆ కాసేపటి కోసమే ఎదురుచూస్తుంటాడు. కాబట్టి మొదటి వారం మీరు నేర్చుకోవాల్సింది ఒక్కటే, చేయి ఆపుకోవడం. మిగతా అంతా దాని చుట్టూ తిరిగేదే.

మ్యాచ్‌లోకి వెళ్లకముందు

ట్యుటోరియల్ దాటేయకండి, పది పదిహేను నిమిషాల పని. తర్వాత ఆఫ్‌లైన్‌లో బాట్‌లతో, అంటే కంప్యూటరే ఆడించే బొమ్మలతో, ఆడే వీలుంది, ఒక గంట అక్కడ గడపండి. బాట్‌లు మరీ తెలివైనవేం కావు, కానీ అవి తిట్టవు.

మూడు రకాల దెబ్బలుంటాయి. పక్కనుంచి అడ్డంగా ఊపేది స్లాష్, తలమీద నుంచి నిలువుగా దించేది ఓవర్‌హెడ్, ముందుకి పొడిచేది స్టాబ్. కంప్యూటర్‌లో ఆడితే మామూలుగా స్లాష్ ఎడమ క్లిక్కుకి, మిగతా రెండూ మౌస్ చక్రానికి ఉంటాయి. ఆ చక్రం సంగతి ముందు తేల్చుకోండి. బటన్ నొక్కి పట్టుకుంటే అదే దెబ్బ హెవీ అవుతుంది, అంటే నెమ్మదిగా వస్తుంది కానీ గట్టిగా తగులుతుంది. చక్రాన్ని తిప్పగలరు గానీ నొక్కి పట్టుకోలేరు కదా. మౌస్‌కి పక్క బటన్లు రెండుంటే స్టాబ్, ఓవర్‌హెడ్ వాటికి పెట్టేసుకోండి. లేకపోతే కీబోర్డ్‌లో చేతికందే రెండు కీలకి పెట్టుకున్నా పర్లేదు. నేను రెండు నెలలు చక్రంతోనే ఆడి, మార్చాక మళ్లీ మొదటికొచ్చి ఇంకో రెండు వారాలు తడబడ్డాను. మొదటిరోజే మార్చుకుంటే ఆ బాధ ఉండదు.

ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే తెరమీద కనిపించే వెడల్పు, పెంచుకోండి, పక్కనుంచి వచ్చేవాడు కనిపించాలి. ఇంకా ముఖ్యం, థర్డ్ పర్సన్‌లో ఆడండి. మన బొమ్మ వెనక నుంచి చూసే ఆ పద్ధతిని కొందరు చిన్నచూపు చూస్తారు, బొమ్మ కళ్లతోనే చూసే ఫస్ట్ పర్సన్‌లో ఆడితేనే మజా అంటారు. మజా నిజమే. కానీ కొత్తలో మీ వీపు వెనక ఎవడున్నాడో తెలియడం మజా కంటే ఎక్కువ అవసరం.

ఇక పింగ్, అంటే మీ క్లిక్కు సర్వర్‌కి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం. సర్వర్ జాబితాలో ఒక్కో సర్వర్ ఎదురుగా అంకె ఉంటుంది, అది తక్కువ ఉన్నదే ఎంచుకోండి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో కూర్చుని యూరప్, అమెరికా సర్వర్లలో దిగితే, అవతలివాడి గొడ్డలి ఇంకా గాల్లో ఉన్నట్టు మీకు కనిపించేసరికే అక్కడ అది మీ తలమీద పడి ఉంటుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకి ఈ బాధ లేదు, వాళ్లు పిలిచారని వాళ్ల సర్వర్‌కి వెళ్తే మాత్రం దెబ్బలు తినడానికి సిద్ధపడే వెళ్లండి. వైఫై బదులు కేబుల్ పెట్టుకుంటే కొంత నయం. పింగ్ ఎక్కువున్న రోజు నేను పెద్ద మ్యాచ్‌లే ఆడతాను, గుంపులో ఆ తేడా కాస్త కలిసిపోతుంది. ఒకరితో ఒకరు తలపడే డ్యూయల్స్ జోలికి మాత్రం పోను.

ఎవరిగా దిగాలి

నాలుగు తరగతులు, ఒక్కోదాంట్లో మూడేసి ఉపవర్గాలు, మొత్తం పన్నెండు. ప్రాణం లెక్క చూస్తే ఆర్చర్‌కి 90, వాన్‌గార్డ్‌కి 130, ఫుట్‌మ్యాన్‌కి 150, నైట్‌కి 175. ఈ ఒక్క లెక్క చూసినా మీకు సగం సంగతి తెలిసిపోవాలి.

కొత్తవాళ్లు చాలామంది ఆర్చర్‌గా దిగుతారు. దూరంగా నిలబడి బాణాలేస్తే ఎవడూ దగ్గరికి రాడని ఆశ. వస్తారు. ఆర్చర్ కనిపిస్తే పనిగట్టుకుని చుట్టూ తిరిగి మరీ వచ్చేవాళ్లున్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. దగ్గరికొచ్చాక మీ చేతిలో ఓ చిన్న కత్తి, ఒంట్లో 90. పైగా గుంపు మీదకి వదిలిన బాణం మనవాడి వీపులో దిగే అవకాశం బాగా ఎక్కువ. అన్నిటికంటే పెద్ద నష్టం, ఇరవై గంటలు ఆర్చర్‌గా ఆడినా దగ్గరి కొట్లాట ఒక్క ముక్క రాదు.

వాన్‌గార్డ్ వేగంగా పరిగెత్తి, ఎగిరి కొడతాడు. చూడ్డానికి హీరోలా ఉంటాడు, అందుకే అందరికీ మోజు. అలవాటు లేనివాడి చేతిలో ఆ వేగం చావు దగ్గరికి తొందరగా తీసుకెళ్లడానికే పనికొస్తుంది.

నా సలహా ఫుట్‌మ్యాన్, అందులోనూ మొదట దొరికే పోల్‌మ్యాన్. పొడుగు కర్రకి గొడ్డలో బల్లెమో బిగించిన ఆయుధాలు ఇతనివి. పొడుగు ఆయుధం వల్ల మీరు మనవాళ్ల భుజాల వెనక నిలబడి, వాళ్ల మధ్యలోంచి ముందుకి పొడవగలరు. దగ్గర కట్టుకట్టే సామాను కూడా ఉంటుంది, మీకూ పక్కవాళ్లకీ ప్రాణం నింపొచ్చు. ఒక్కణ్నీ చంపకపోయినా జట్టుకి పనికొస్తారు, స్కోరు కూడా పడుతుంది. ఫుట్‌మ్యాన్ నచ్చకపోతే నైట్. 175 అంటే ఒక తప్పు చేసి కూడా బతికి ఉండొచ్చు, రెండో తప్పు చేసే అవకాశం దొరుకుతుంది. నైట్‌లో ఆఫీసర్ అనే ఉపవర్గంగా వెళ్తే ఒక బూర ఇస్తారు, అది ఊదితే చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకి ప్రాణం పెరుగుతుంది. బూర నిండగానే ఊదేయకండి, పదిమంది గాయాలతో ఉన్నప్పుడు ఊదండి.

ఆయుధం విషయంలో ఒక్క మాట. కోసేవి, నరికేవి, మోదేవి అని మూడు రకాలు. సుత్తి, గద లాంటి మోదేవి కవచం ఎక్కువున్న నైట్, ఫుట్‌మ్యాన్ మీద అదనంగా పనిచేస్తాయి. గొడ్డళ్లకీ కొంత ఆ గుణం ఉంది, కత్తులకి లేదు. ఒక ఆయుధం పట్టుకుంటే కనీసం పది మ్యాచ్‌లు దాన్ని వదలకండి. ఎంత దూరం అందుతుందో కంటికి అలవాటు పడేవరకు ఏ ఆయుధమైనా ఒకటే.

మొదటి ఐదు మ్యాచ్‌లు బ్లాక్ ఒక్కటే

ఇది వినడానికి విసుగ్గా ఉంటుంది, చేస్తే మాత్రం వారంలో తేడా కనిపిస్తుంది. మొదటి ఐదు మ్యాచ్‌లు మీరు ముందుగా కొట్టొద్దు. ఎవడైనా ఎదురైతే కుడి క్లిక్కు పట్టుకుని, దెబ్బ ఆపి, ఆపిన వెంటనే ఒక్క దెబ్బ తిరిగి కొట్టి, మళ్లీ బ్లాక్.

ఆపిన వెంటనే కొట్టే ఆ దెబ్బని రిపోస్ట్ అంటారు. దానికో గొప్ప గుణం ఉంది: అది లేచేటప్పుడు మీ ఆయుధమే మీకు అడ్డుగా ఉంటుంది, ఆ క్షణంలో ఇంకొకడు కొట్టినా ఆగిపోతుంది. కాబట్టి కొత్తవాడికి ఆటలో అన్నిటికంటే భద్రమైన దెబ్బ ఇదే. అనుభవం ఉన్నవాడు ముగ్గురి మధ్యలో నిలబడి బతికి బయటపడ్డాడంటే అందులో సగం పని రిపోస్ట్‌దే.

బ్లాక్ చేసేటప్పుడు దెబ్బ వచ్చే వైపు మొహం తిప్పి ఉండాలి. తిప్పకపోతే కుడి క్లిక్కు ఎంత గట్టిగా నొక్కినా లాభం లేదు, పక్క నుంచో వెనక నుంచో తగులుతుంది.

ఇంకో రెండు సంగతులు. ఒకటి, ఆపిన ప్రతి దెబ్బా మీ స్టామినా తింటుంది. అది పూర్తిగా అయిపోయాక మీరు బ్లాక్ చేస్తే ఆయుధం చేతిలోంచి ఎగిరిపోతుంది. పోతే కంగారు పడి అక్కడే వెతక్కండి, చిన్న కత్తి తీసి వెనక్కి జరగండి, కిందపడిన ఆయుధం ఏదైనా సరే తర్వాత తీసుకోవచ్చు, అది శత్రువుదైనా పర్లేదు. రెండు, బ్లాక్ పట్టుకుని అలాగే నిలబడిపోతే అవతలివాడు కాలితో తంతాడు. బ్లాక్ పట్టుకున్నవాడి మీద తన్ను బాగా పనిచేస్తుంది, మీరు తూలిపోతారు, తర్వాత దెబ్బ నేరుగా పడుతుంది. ఆయుధం కదపకుండా ఎవడైనా మీ మీదకి మరీ దగ్గరగా వచ్చేస్తున్నాడంటే తన్నడానికే. వెనక్కి తప్పుకోండి.

ఒక్కడితో కొట్లాట, నెమ్మదిగా చూస్తే

ఒక సన్నివేశం తీసుకుందాం. మీరు పోల్‌మ్యాన్, చేతిలో పొడుగు కర్ర గొడ్డలి. ఎదురుగా ఎర్ర నైట్, రెండు చేతులతో పట్టుకునే గొడ్డలి. నాలుగడుగుల దూరం.

ముందు ఆగండి. పరిగెత్తుకుంటూ వెళ్లి కొట్టాలనిపిస్తుంది, ఆగండి. వాడి భుజం చూడండి. మా తాత కర్రసాము చేసేవాడు, కర్ర కొసను చూసేవాడికి దెబ్బ తగిలాకే తెలుస్తుంది, భుజం చూడరా అనేవాడు. ఈ ఆటలో అది అక్షరాలా నిజం. చేతులు తలపైకి లేస్తే ఓవర్‌హెడ్, పక్కకి తిరిగితే స్లాష్, ఒంటికి ఆనించి వెనక్కి లాగితే స్టాబ్. ఆయుధం కొస మాత్రం మోసం చేస్తుంది, ఎందుకంటే కొట్టేవాడు కొట్టేటప్పుడే ఒళ్లు తిప్పి దెబ్బని కాస్త ముందో వెనకో తగిలేలా చేయగలడు. పాత ఆటగాళ్లందరూ చేసే పని అది. మీరు మాత్రం ఇప్పుడే దాని జోలికి వెళ్లకండి.

వాడు పక్కకి తిరిగాడు, స్లాష్. మీకు రెండు దారులు. ఒకటి, అడుగు వెనక్కి. గొడ్డలి కంటే మీ కర్ర పొడుగు, కాబట్టి వాడి దెబ్బ గాల్లో పోతుంది, వాడి చేతులు ఆ మూడో దశలో ఇరుక్కుంటాయి, అప్పుడు ఒక్క అడుగు ముందుకేసి పొడవండి. రెండు, బ్లాక్ చేసి రిపోస్ట్. రెండూ మంచివే, వెనక గోడ ఉంటే రెండోదే గతి.

పొడిచారు, తగిలింది. వాడు తూలాడు. ఇంకొక దెబ్బ వేయండి, తప్పులేదు, ఇప్పుడు వంతు మీదే. ఆ రెండోది కూడా తగిలిందా? ఇక్కడే నూటికి తొంభై మంది కొత్తవాళ్లు పోతారు. ఊపు మీద మూడోది, నాలుగోది వేస్తూనే ఉంటారు. ఈలోపు వాడు తేరుకుని బ్లాక్ పెట్టాడు, మీ మూడో దెబ్బ దానికి తగిలి ఆగింది, వాడి రిపోస్ట్ లేచింది, మీ వేలు మాత్రం ఇంకా ఎడమ క్లిక్కు మీదే ఉంది. అయిపోయారు. కాబట్టి ఒక లెక్క పెట్టుకోండి: మీ దెబ్బ ఆగిన టక్‌మనే శబ్దం వినపడగానే వంతు వాడిది. వేలు వెంటనే కుడి క్లిక్కు మీదకి. ఈ వంతు ఎవరిదో తెలిసినవాడికి సగం ఆట వచ్చినట్టే.

కాసేపటికి వాడు తెలివిగా గొడ్డలి ఎత్తి, కొట్టకుండా దించేస్తాడు. ఫెయింట్ అది. మీరు కంగారుపడి కొట్టబోతే దొరికిపోతారు. బ్లాక్ పట్టుకునే ఉంటే వాడికి స్టామినా ఖర్చు తప్ప ఒరిగేదేం లేదు, అప్పుడు తన్నడానికి వస్తాడు, తన్ను ఎలా వస్తుందో పైన చెప్పాను. మీకు కూడా తన్నడం ఉంది, మోచేత్తో పొడిచినట్టు జాబ్ అనే చిన్న దెబ్బ కూడా ఉంది. జాబ్ నొప్పి తక్కువే కానీ చాలా త్వరగా తగులుతుంది, వాడు పెద్ద హెవీ దెబ్బ కోసం మెల్లగా ఆయుధం లాగుతుంటే దాన్ని మధ్యలో ఆపేస్తుంది.

కౌంటర్ అని ఇంకోటి ఉంది. వాడు ఏ రకం దెబ్బ వేస్తే అదే రకం మీరూ సరిగ్గా సమయానికి వేస్తే వాడిది ఆగి మీది సాగుతుంది. చాలా బలమైన పద్ధతి, కొత్తలో మాత్రం వద్దు. ఏ దెబ్బ వస్తుందో కళ్లు పోల్చుకోవడమే రానప్పుడు దానికి జవాబు వెతకడం ఎందుకు. ముప్పై గంటలు ఆడాక ఒక్క ఓవర్‌హెడ్‌కి మాత్రం మొదలుపెట్టండి, అది అన్నిటికంటే బాగా కనిపిస్తుంది.

గుంపులో బతకడం

మొదట్లో 64 మంది రెండు జట్లుగా ఒక లక్ష్యం కోసం కొట్టుకునే టీమ్ ఆబ్జెక్టివ్ మ్యాచ్‌లే ఆడండి. అందరూ అందర్నీ కొట్టుకునే ఫ్రీ ఫర్ ఆల్ జోలికి వెళ్లొద్దు, అక్కడ మీ వీపు ఎవడూ కాయడు.

గుంపులో మొదటి పని, మనవాళ్ల పక్కన ఉండటం. వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ చచ్చి మళ్లీ పుట్టిన ప్రతిసారీ కొత్తవాళ్లు ఒక్కళ్లే పరిగెత్తుతారు, దారిలో ముగ్గురు ఎదురవుతారు. పుట్టాక అయిదు సెకన్లు ఆగండి, ఇంకో నలుగురు పుడతారు, వాళ్ల వెనకే వెళ్లండి. కబడ్డీలో కూతకి వెళ్లిన రైడర్ ఎంత లోపలికి పోయినా గీత ఎంత దూరంలో ఉందో మనసులో ఉంచుకునే ఆడతాడు. ఇక్కడ మీ గీత మీ జట్టే. శత్రువు తగ్గిపోయిన ప్రాణంతో పారిపోతుంటే వెంటపడాలని మహా టెంప్టింగ్‌గా ఉంటుంది. వాడు పారిపోయేది వాడి వాళ్ల దగ్గరికే అని గుర్తుంచుకోండి.

రెండోది, మనవాళ్లకి తగలకుండా కొట్టడం. ఈ ఆటలో మన దెబ్బ మనవాళ్లకీ తగులుతుంది. రుడ్‌హెల్మ్ ముట్టడి మ్యాప్ ఆడితే ఇది నెత్తికెక్కుతుంది. అక్కడ దాడి చేసే జట్టు పెద్ద చెక్క బురుజుల్ని గోడ దాకా తోసుకెళ్లాలి. బురుజు గోడకి ఆనాక పైనుంచి గోడమీదకి వెళ్లే దారి ఇరుకు, ఇరవై మంది ఒకేసారి తోసుకుంటూ ఉంటారు. నేను మొదటిసారి అక్కడికెళ్లి ఉత్సాహంగా స్లాష్ వేశాను. ముందున్న నీలం చొక్కావాడు తూలాడు, వాడు తూలగానే ఎదుటి ఎర్రవాడు వాణ్ని నరికాడు, తర్వాత నన్ను నరికాడు. ఇద్దరం ఒక్క క్లిక్కుకి పోయాం. అలాంటి చోట స్లాష్ మర్చిపోండి. ఓవర్‌హెడ్, స్టాబ్ మాత్రమే. అదీ ఇద్దరు మనవాళ్ల మధ్య సందు కనిపించినప్పుడే.

బురుజు తోయడం కూడా పనే అని చాలామందికి తెలీదు. చుట్టూ మనవాళ్లుంటారు, దగ్గర నిలబడితే చాలు, స్కోరు వస్తుంది, ఈలోపు కొట్లాట చూస్తూ నేర్చుకోవచ్చు.

మూడోది, ఎవర్ని కొట్టాలి. మీ వైపు చూస్తున్నవాణ్ని కొట్టకండి, మనవాడి వైపు చూస్తున్నవాణ్ని పక్కనుంచి కొట్టండి. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు, యుద్ధం ఇది. ఒకరినొకరు పలకరించుకుని వంగి దండం పెట్టుకుని కొట్టుకునే డ్యూయల్ సర్వర్లు వేరే ఉన్నాయి. కాకపోతే మనవాడు ఒక్కడే ఒకణ్ని చక్కగా ఆడుకుంటున్నాడనుకోండి, ఇరుకులో మీరు కూడా దూరి వాడికి అడ్డం పడొద్దు, పక్కన నిలబడి ఇంకొకడు రాకుండా చూడండి.

కొట్లాట కాస్త సద్దుమణిగితే ఒక పక్కకి జరిగి ఊపిరి తీసుకోండి. దెబ్బలకి దూరంగా ఉంటే ప్రాణం మెల్లగా తిరిగి నిండుతుంది, స్టామినా కూడా. సగం ప్రాణంతో మళ్లీ ముందుకి ఉరకడం కొత్తవాళ్ల ఇంకో జబ్బు. కిందపడి పాకుతున్న మనవాడు కనిపిస్తే, చుట్టూ ఎర్రవాళ్లు లేకపోతేనే, లేపండి. మీరే కిందపడితే మనవాళ్ల వైపు పాకండి, ఒకడైనా చూస్తాడు.

ఆ, ఇంకోటి. సి బటన్ నొక్కితే మీ బొమ్మ గొంతు చించుకుని అరుస్తుంది. దానివల్ల నాకు కనిపించిన లాభం ఏమీ లేదు, అయినా అందరూ నొక్కుతూనే ఉంటారు. మీరూ నొక్కండి.

ఇద్దరు ముగ్గురు మీదపడితే

ముందు ఒప్పుకోవాల్సిన విషయం, ఎక్కువసార్లు చస్తారు. చచ్చేలోపు ఎంతసేపు నిలబడ్డారన్నదే లెక్క, ఎందుకంటే ముగ్గురు మీ ఒక్కడితో అర నిమిషం గడిపితే అవతల మనవాళ్ల మీదకి వెళ్లే శత్రువులు ముగ్గురు తక్కువ.

వెన్ను చూపి పరిగెత్తకండి, దగ్గర్లో ఉన్నవాడు వీపులో పొడుస్తాడు, కాస్త దూరంలో ఉన్నవాడు చేతిలో గొడ్డలి విసిరేస్తాడు. మొహం వాళ్ల వైపే పెట్టి, నేరుగా వెనక్కి కాకుండా పక్కకి వంపుగా జరుగుతూ వెళ్లండి. అలా జరిగితే ముగ్గురూ చుట్టూ చేరలేరు, ఒకడి వెనక ఒకడు వరసలో పడతారు. వెనకవాడు ఆత్రంగా ఊపిన దెబ్బ ముందువాడికి తగులుతుంది, ఎందుకంటే వాళ్ల దెబ్బలు వాళ్లకీ తగులుతాయి. ముగ్గురూ కొత్తవాళ్లయితే మీరు ఏం చేయనక్కర్లేదు, వాళ్లే ఒకర్నొకరు సగం చంపుకుంటారు.

మీరు సొంతంగా దెబ్బ మొదలుపెట్టకండి. బ్లాక్, రిపోస్ట్, బ్లాక్, రిపోస్ట్. రిపోస్ట్ ఎవడికి కొడుతున్నారో చూసుకోండి, ఆపింది ఒకడి దెబ్బ అయినా తిరిగి కొట్టేది అందర్లో నీరసంగా ఉన్నవాడికి కొట్టొచ్చు. స్టామినా సగానికి తగ్గిందంటే ఇక కొట్టడం మానేసి మనవాళ్లున్న వైపు తప్పుకోవడమే. తలుపు సందు, ఇరుకు మెట్లు దొరికితే అక్కడ నిలబడండి, ఒక్కొక్కడే రావాలి. మూలకి మాత్రం వెళ్లకండి. మూలలో వీపుకి గోడ ఉందన్న ధైర్యం వస్తుంది కానీ వెనక్కి అడుగు వేయడానికి చోటుండదు.

తర్వాత ఎటు

ఇరవై ముప్పై గంటలయ్యాక డ్యూయల్ సర్వర్‌కి వెళ్లండి. ఎదురుగా వచ్చి ఎవడైనా కిందికి వంగి లేచాడంటే నీతో ఆడతానని అడుగుతున్నట్టు. మీరూ వంగి లేవండి. పదికి పది ఓడిపోతారు, పర్లేదు. మిమ్మల్ని బాగా కొట్టినవాణ్ని, దేనికి పడిపోతున్నానో చాట్‌లో అడగండి. చాలామంది ఆగి మరీ చెప్తారు. నాకు ఒకడు, నువ్వు ప్రతి రిపోస్టూ ఓవర్‌హెడ్డే వేస్తున్నావని చెప్పాడు. నేను గమనించనే లేదు, యాభై గంటలుగా అదే చేస్తున్నానట.

ఇది కాస్త పట్టుబడ్డాక చాలామంది మోర్డ్‌హౌ వైపు చూస్తారు. ట్రిటెర్నియన్ అనే స్లొవేనియా జట్టు కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో డబ్బు పోగుచేసి చేసిన ఆట, 2019 ఏప్రిల్‌లో వచ్చింది. మోర్డ్‌హౌ అంటే జర్మన్‌లో హత్య దెబ్బ. కత్తిని తిరగేసి, అంచునే చేతుల్తో పట్టుకుని, పిడివైపుతో కవచం మీద సుత్తిలా కొట్టడం. నిజంగా మధ్యయుగాల్లో చేసిందే, ఆటలో కూడా పొడుగు కత్తిని అలా తిప్పి పట్టుకోవచ్చు. అక్కడికి వెళ్తే ఒక్కటి మార్చుకోవాలి: ఇక్కడిలా బ్లాక్ పట్టుకుని ఉండటం కుదరదు, దెబ్బ వచ్చే క్షణానికి నొక్కాలి. అందుకే అక్కడ ఫెయింట్‌కి విలువ చాలా ఎక్కువ, మొదటి వారం అవతలివాడు చేయి ఎత్తిన ప్రతిసారీ మీరు ఉత్త గాలిని బ్లాక్ చేస్తూ ఉంటారు. ఇక్కడ రెడీమేడ్ తరగతులుంటే అక్కడ 16 పాయింట్లు ఇచ్చి కవచం, ఆయుధం మీరే కూర్చుకోమంటారు. కొత్తలో కవచానికి ఎక్కువ పెట్టండి, ఆయుధం ఏదైనా పర్లేదు.

అక్కడి మ్యాచ్‌లలో యుద్ధం మధ్యలో కూర్చుని వీణలాంటి లూట్ వాయించుకునేవాళ్లు కనిపిస్తారు. శత్రువే అయినా చాలామంది వాళ్లని కొట్టరు. నేను ఒకసారి కొట్టాను, వాడి జట్టూ నా జట్టూ కలిసి నా వెంటపడ్డాయి.